గేటు దగ్గర అన్‌యూజువల్

మా మందుల ఫ్యాక్టరీ గేటు గార్డు కర్దనూర్ నర్సన్న. మీసం పెద్దది, మాట అంతకన్నా పెద్దది. హెడ్ గార్డు రిటైరైనప్పటి నుంచి ఆ కుర్చీ మీదే అతని కన్ను. మేనేజరు త్రినాథరావుగారు గోదావరి మనిషి, ఊరికే ఇస్తారా? ఇకమీదట వాకీటాకీలో గేటు రిపోర్టు ఇంగ్లిషులోనే చెప్పాలనీ, బాగా చెప్పినవాడికే కుర్చీ అనీ మెలిక పెట్టారు.

నర్సన్న ఇంటికెళ్లి, డిగ్రీ చదివే కూతురు అంకితను పట్టుకున్నాడు. "వింతగున్నదాన్ని ఇంగ్లిషుల ఏమంటరు బిడ్డా?"

"ఒక్క మాట గాదు నాయినా. ఎన్నడు సూడనిది స్ట్రేంజ్. పదిట్ల ఒక్కటి కలవకుంటె ఆడ్. రోజు ఉండేది ఒకనాడు లేకుంటె అన్‌యూజువల్. సూస్తె ఒళ్లు జల్లుమంటె వియర్డ్."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు కదా. బూట్ల వరసలో చెప్పులేసుకొచ్చినవాడు ఆడ్. క్యాంటీన్ సాంబారులో పప్పు కనబడితే అన్‌యూజువల్. భార్య పోశమ్మ అడక్కుండా చాయ్ ఇస్తే వియర్డ్ అన్నాడు. అర్థం తెలుసుకున్న పోశమ్మ ఆ తర్వాత అడిగినా ఇవ్వలేదు. మేనేజరు నవ్వడం స్ట్రేంజ్ అని నాకు మాత్రమే చెప్పాడు, ఆ పాటి తెలివి ఉంది.

ఇంతలో మందులు కొనే విదేశీయులు ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చారు. వాళ్ల కోసం ఆ ఒక్కరోజు, రోజూ కంపు కొట్టే వెనక యూనిట్ ఆపేశారు. ఆ సంగతి గార్డులకు ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే గేటు దగ్గర నర్సన్న ముక్కు ఎగబీల్చాడు. ఏమీ లేదు. జలుబు చేసిందేమోనని అగరుబత్తి వెలిగించి చూశాడు. మల్లెపూల వాసన శుభ్రంగా వచ్చింది.

మేనేజరు అతిథులకు బొకేలు ఇస్తుండగా ఆయన నడుముకున్న వాకీటాకీ అరిచింది. "సర్, గేట్ రిపోర్ట్! వెరీ అన్‌యూజువల్ సర్! నో స్మెల్ సర్!"

"నార్మల్ అనవయ్యా బాబూ!" అని మేనేజరు పళ్లు నూరారు.

నర్సన్న అది పరీక్షే అనుకున్నాడు. కుర్చీ చేజారుతుందన్న భయంతో ఇంకా గట్టిగా అందుకున్నాడు. "నో సర్! నార్మల్ మీన్స్ డైలీ స్మెల్ సర్! డైలీ నోస్ క్లోజ్! టుడే స్ట్రేంజ్ సర్!"

అతిథుల్లో ఒకావిడ బొకే బల్ల మీద పెట్టి, ఆ వాసన వచ్చే వెనక యూనిట్ చూపించమంది.

సాయంత్రానికల్లా 'ఎస్ సర్' తప్ప మరో ముక్క రాని ఇంకో గార్డు పాండుకు కుర్చీ దక్కింది. నాకైతే ఒళ్లు మండిపోయింది. ఓదారుద్దామని ఫ్యాక్టరీ వెనకే ఉన్న నర్సన్న ఇంటికి వెళ్లాను. కంచం ముందు కూర్చుని కూతుర్ని అడుగుతున్నాడు.

"మాటేమన్న తప్పు జెప్పిన్నా బిడ్డా?"

"అన్ని సక్కగనే జెప్పినవ్ నాయినా."

"మరి కుర్సీ ఎందుకు రాలె?"

మీసాల మనిషి కళ్లలో నీళ్లు తిరిగాయి. అంకిత తల వంచుకుంది.

ఆరిన బట్టలు మడతపెడుతున్న పోశమ్మ ఒక చీరను ముక్కుకు ఆనించుకుని మొగుడి వైపు తిరిగింది.

"కుర్సీ పోతె పోనీ తియ్. పొద్దంత కిటికీలు తెర్సి పెట్టిన. రోజంత దగ్గే మీ అమ్మ ఇయ్యాల ఒక్కసారి గూడ దగ్గలె. ఆ దొరలు రేపు గూడ వస్తరేమో, జెర అడుగరాదయ్యా?"