ఎడమ మలుపులు

వరంగల్‌లో మా వీధి మెకానిక్ అన్నకు వంద సీసీ బండి ఉండేది. ఎనభైల్లో ఒకసారి నన్ను వెనక కూర్చోబెట్టుకుని ఏటూరునాగారం తీసుకెళ్ళాడు. అడవి దారి మలుపుల్లో వేగం తగ్గించేవాడు కాదు, మోకాలు నేలకు తగిలేంతగా బండిని వంచేవాడు. ఎడమ మలుపు ముందు మాత్రం, "తమ్మీ, ఏమన్న వస్తాందా?" అని అడిగేవాడు.

"లేదన్నా" అనేవాణ్ణి. ఊరికే అడుగుతున్నాడనుకున్నాను.

ఊరు చేరాక హోటల్లో తన ఎడమవైపు పెట్టిన చాయ్‌ని అన్న చూడనే లేదు. నేనే జరిపాను.

"ఆ దిక్కు కన్ను చిన్నప్పుడే పోయింది. గందుకే నిన్నడిగిన. నీ కండ్లు మంచియి తమ్మీ, ఒక్కసారి గూడ తప్పు చెప్పలే."

మలుపు వచ్చిన ప్రతిసారీ నేను భయంతో రెండు కళ్ళూ గట్టిగా మూసుకునే జవాబు చెప్పాను.