మీట మీది వేలు

నాటకశాలలో వెనక గోడకున్న చిన్న గాజుగది ఆమెది. పరభాషలో సాగే సంగీత నాటకానికి తెలుగు మాటలను వేదిక పైనున్న తెర మీద వేయడం ఆమె పని. చెప్పులు విప్పేసి, కుర్చీ అంచున కూర్చుని, గాయకుడు ఊపిరి పీలిస్తే తనూ పీలుస్తుంది. అతని పెదవి కదిలాకే మీట నొక్కుతుంది. ఇంట్లో ఎవరు నోరు తెరిచినా మీట నొక్కే ఆ వేలు దానంతటదే ఆడుతుంది. "నా మాటలు కూడా తెర మీద వేస్తున్నావేంటే?" అని అక్క ఆటపట్టిస్తుంది. ఆమె బెంగంతా ముసలి హాస్యగాయకుడితోనే. ఆయన రాగం సాగదీసి చమత్కారం ముగించేలోపే జనం దాన్ని తెర మీద చదివేసి నవ్వేస్తారు. "నోటికాడి ముద్ద లాగేస్తున్నారమ్మా!" అని ఆయన రోజూ తగువు.

మొన్నటి ఆటలో సరిగ్గా ఆ చమత్కారం దగ్గరే ఆయన మాటలు మరిచిపోయాడు. వాద్యాలు ఆగవు కదా, పాత చరణాన్నే మళ్లీ అందుకున్నాడు. ఆ భాష రాని జనానికి తేడా తెలియలేదు గానీ, ఆమె వేలు మీట మీదే ఆగింది. చమత్కారానికి ముందు టోపీ వెనక్కి నెట్టడం ఆయన అలవాటు. ఆ చెయ్యి టోపీని తాకేదాకా ఊపిరి బిగబట్టి, అప్పుడు నొక్కింది. హాలంతా ఘొల్లున నవ్వింది. ఆట అయ్యాక ఆయన వేషంతోనే మెట్లెక్కి వస్తుంటే, తిట్లు తప్పవనుకుని లేచి నిలబడింది.

"ఇన్నాళ్లకు నా నవ్వు నాకు దక్కిందమ్మా," అన్నాడు రొప్పుతూ. "రేపూ ఇలాగే వేయండి."

"మరి రేపైనా మాటలు పాడతారా?"

"మీరుండగా నాకు మాటలెందుకమ్మా? టోపీ ఉంటే చాలు!"