సీసాకు కట్టిన దారం

ఆదివారం. పొద్దుటి నుంచి వడగాలి. బావికి కొత్త చేదతాడు పేనాను.

జ్వరం తగ్గాక బలానికని వైద్యుడు నా భార్యకు ద్రాక్షలు పులియబెట్టి చేసే ద్రాక్షారిష్టం ఇచ్చి ఆరు నెలలైంది. పూటకు రెండు చెంచాలన్నది ఇప్పుడు గ్లాసు దాకా వచ్చింది. అడగడానికి నోరు రాక, నిన్న మందు మట్టానికి సరిగ్గా సీసాకు దారం కట్టాను. ఈ రోజు చూస్తే మందు తగ్గింది, దారమూ కిందికి దిగింది.

"దారం నువ్వే దించినావా?" అన్నాను.

"సారా పట్టే పోలీసోళ్లు గూడా ఇట్ల దారాలు కట్టరు గదయ్యా! అడిగింటే చెప్పేదాన్ని. అది తాగకుంటే చేతులు వణుకుతాండాయి."

మందు ఇలా చేస్తుందా? తెలిసినవారెవరైనా చెబితే బాగుండును. రేపు ఆమెను కడప ఆసుపత్రికి తీసుకుపోతాను. దారం విప్పేశాను. సీసా దాచాలో, ఉన్నచోటే ఉంచాలో తోచడం లేదు. ఎద్దులకు నీళ్లు పెట్టాలి.