ఎగిరే బండల గుదడి

షమ్సున్నీసాకు గుదడి కుట్టడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. కుల్కచర్లలో వాళ్ళమ్మ ఎండాకాలం మధ్యాహ్నాల్లో పాత చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, కుట్టుకుంటూ పోయేది. రాళ్ళు జరగకుండా చూడటం ఈ పిల్ల పని. చూసి చూసి విసుగు పుట్టి ఒకనాడు తనూ సూది తీసుకుంది. తెలుగువాళ్ళు దాన్ని బొంత అంటారు, వాళ్ళింట్లో గుదడి అనేవాళ్ళు. కప్పుకుంటే వచ్చే వెచ్చదనం ఒకటే.

పందొమ్మిదేళ్ళకు పెళ్ళయి తాండూరు వచ్చింది. భర్త అజమత్ బండల ఫ్యాక్టరీలో పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. గని నుంచి వచ్చిన బండను ఎత్తి మిషన్ కింద పెట్టడం, నునుపయ్యాక దించి గోడకు చేరేయడం. ముప్పై ఏళ్ళు అదే పని. మిషన్ మోతకు చెవులు మందగించాయి, దుమ్ముకు ఆయాసం పట్టుకుంది. చివరకు మెట్లెక్కితే ఆగి ఆగి ఎక్కాల్సిన స్థితి వచ్చాక ఇంటిపట్టున ఉండిపోయాడు. అప్పటినుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ గట్టిగానే నడిచేవి. భార్యాభర్తలు సగం ఉర్దూ సగం తెలుగు కలిపి మాట్లాడుకుంటుంటే సంగతులన్నీ పక్కింటికి వినపడేవి.

కూతురు ముబష్షిరాకు రైల్వే స్టేషన్ దగ్గర టైలరింగ్ దుకాణం ఉంది. జాకెట్లు కుట్టగా మిగిలిన పేలికలను సంచిలో కుక్కి తల్లికి పంపేది. షమ్సున్నీసా వాటిని నలుపలకలుగా కత్తిరించి, వరసగా అతికి, గుదడీలు కుట్టేది. ఎర్రది, పచ్చది, ఎర్రది, పచ్చది. చక్కగా, గట్టిగా, ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే ఉండేవి. ఎవరైనా బాగుందంటే, "ఉతికినంక జూడు, అప్పుడు తెలుస్తది" అనేది.

ఆమెకు యాభై మూడేళ్ళప్పుడు వికారాబాద్‌లో ఒక మహిళా సంఘం వాళ్ళు బొంతలు కుట్టేవాళ్ళను పోగుచేశారు. చెప్పేది కోట్‌పల్లి అమ్మాయి సింధుజ. హైదరాబాద్‌లో బట్టల డిజైను చదువుకుని వచ్చింది. ముబష్షిరా తల్లిని అడగకుండానే పేరు రాయించింది. వారానికి ఒకరోజు, గురువారం, పొద్దున ప్యాసింజర్‌కు పోయి సాయంత్రం రావడం. షమ్సున్నీసా వద్దనలేదు. పెళ్ళయ్యాక ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు.

మొదటిరోజు పన్నెండు మంది వచ్చారు. సింధుజ వాళ్ళకు కొలతలూ చెప్పలేదు, రంగులూ చెప్పలేదు.

"ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు ఏమైతదో, అది కుట్టుండ్రి" అంది.

ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గొర్రెల మందలున్న కుటుంబం నుంచి వచ్చిన నాగరాణి అనే ఆమె, "ఎవ్వరు లేకుంటే తాళం ఉంటది, ఇంకేముంటది?" అంది. అందరూ నవ్వారు. సింధుజ కూడా నవ్వింది.

"తాళం లోపట ఏమైతదో ఆలోచన జెయ్యక్కా. నిజం ఉండాలె అని లేదు. తమాషా ఉండాలె."

తిరుగు బండిలో షమ్సున్నీసా దాని గురించే ఆలోచించింది. యాభై మూడేళ్ళలో తనను ఎవరూ తమాషా చెయ్యమని అడగలేదు. చిన్నప్పుడు కుల్కచర్లలో తలుపు తెరిచి ఉంటే చాలు, మేకలు ఇంట్లోకి వచ్చేవి. అది గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు మేకలు వచ్చి దర్జాగా మంచం మీద పడుకుంటే? చాయ్ కాచుకుని తాగితే?

నెలరోజుల్లో పదకొండు మేకలు కుట్టింది. ఒకటి మంచం మీద, ఒకటి పొయ్యి దగ్గర, ఒకటి అద్దం ముందు. కళ్ళకు చొక్కా గుండీలు పెట్టింది. ఎలా ఉందో దూరం నుంచి చూద్దామని పడమటి గోడకు వేలాడదీసింది. పొద్దు వాలాక అజమత్ అసర్ నమాజ్‌కు ఆ గోడ వైపే తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి చాప తీసుకుని వంటింట్లోకి పోయాడు. నమాజ్ అయ్యాక వచ్చి చెప్పాడు.

"షమ్సూ, అవి నన్నే జూస్తున్నయి."

"ఏవి?"

"మేకలు. ఇరవై రెండు కండ్లు. అల్లా ముందట నిలవడ్డోన్ని మేకలు జూస్తుంటే నమాజ్ ఎట్లయితది?"

ఆమెకు కోపం రాలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కూడా ఇంట్లో మనుషుల, జంతువుల బొమ్మలున్న క్యాలెండర్ పెట్టనిచ్చేవాడు కాదు. మేకలు కుట్టేటప్పుడు ఆ మాట తనకెందుకు తోచలేదో అనుకుంది. గుదడి దించి, కత్తెరతో గుండీలన్నీ ఊడదీసింది. కళ్ళు పోయిన మేకలు మేకల్లా లేవు, తోకలున్న దిండ్లలా ఉన్నాయి. చూసి చూసి నవ్వొచ్చి, అజమత్‌కు చూపించింది. అతనూ నవ్వాడు, నవ్వితే దగ్గొచ్చింది.

కుట్లన్నీ విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. జీవమున్నవి వద్దనుకుంటే ఇంట్లో ఇంకేమున్నాయి? గడపలో చెప్పులున్నాయి. చాయ్ కెటిలి, ఛత్రి, నిచ్చెన, నమాజ్‌కు ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే బద్నా చెంబు ఉన్నాయి. మనుషులు ఇంట్లో లేరని తెలిస్తే ఇవి మాత్రం ఎందుకు కదలకుండా కూర్చుంటాయి? చెప్పులు ముందు నడిచాయి. వాటి వెనక ఛత్రి, ఛత్రి వెనక కెటిలి. అన్నీ కలిసి ప్యాసింజర్ ఎక్కి వికారాబాద్‌లో దిగి అనంతగిరి గుట్ట ఎక్కుతున్నాయి. నిచ్చెన పొడుగు కాబట్టి రైలు కిటికీలోంచి సగం బయటికి వచ్చింది. గుట్టకు ఏడు రకాల ఆకుపచ్చ పేలికలు పట్టాయి. చెప్పుల్లో ఒక జత మాత్రం ఎడమదీ కుడిదీ తారుమారైంది. అది కావాలని చేసింది కాదు, విప్పడం ఎందుకని వదిలేసింది. చూసినవాళ్ళు మొదట నవ్వేది అక్కడే.

పూర్తికావడానికి మూడు నెలలు పట్టింది.

పుష్యమాసంలో వికారాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో పన్నెండు బొంతలూ పెట్టారు. గుట్టల మీది చలిగాలి హాల్లోకి కొడుతోంది. హైదరాబాద్ నుంచి ప్రదర్శనలు జరిపే ఒకావిడ వచ్చి, అన్నీ చూసి, షమ్సున్నీసా గుదడి ముందు ఆగిపోయింది. దాన్ని హైదరాబాద్ తీసుకుపోతానంది. సింధుజ సంబరంగా ఆమెను కాగితాలు రాయించడానికి ఆఫీసు గదిలోకి తీసుకుపోయింది. ఇద్దరూ తిరిగొచ్చేసరికి తీగె మీద గుదడి లేదు.

వెతికితే వేదిక వెనక దొరికింది. దాని కింద ఒక ముసలామె ముడుచుకుని పడుకుని ఉంది. నాగరాణి అత్త హన్మమ్మ. కోడలు కుట్టింది చూద్దామని ఊరి నుంచి వచ్చింది. పొద్దుటినుంచీ చలిజ్వరం. ముట్టుకోవద్దని రాసి పెట్టిన అట్టను ఆమె చదవలేదు, చదవడం రాదు. తీగెల మీద బొంతలు ఆరేసినట్టున్నాయి. అన్నింటినీ చేత్తో తడిమి చూసి, మందంగా ఉన్నదాన్ని లాక్కుని కప్పుకుంది.

సింధుజ లేపబోయింది. షమ్సున్నీసా ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"పండుకోనీ బిడ్డ. ఒళ్ళు కాలుతుంది, జూడు."

"ఆపా, ఆమె తలకు నూనె ఉంది. కాళ్ళకు మట్టి ఉంది. మూడు నెల్ల పని!"

"పని అయిపోయింది గద. ఇప్పుడు గుదడి పనిల వడ్డది."

హైదరాబాద్ ఆవిడ మిగతావి చూడటానికి వెళ్ళిపోయింది. నాగరాణి సిగ్గుతో చచ్చిపోతున్నట్టు ఒక మూల నిలబడింది. మధ్యాహ్నం హన్మమ్మకు చెమట పోసి జ్వరం దిగింది. లేచి కూర్చుని, ఒళ్ళో ఉన్నదాన్ని అప్పుడు చూసింది.

"ఎవలు కుట్టిన్రమ్మ గీ బొంత? కుట్టు మంచిగ దగ్గరదగ్గరుంది. గీ చెప్పులేంది, గుట్టెక్కుతున్నయి?"

"ఇంట్ల మనుషులు లేరని తిరగనీకి పోయినయి" అంది షమ్సున్నీసా.

"నా చెప్పులు గూడ గట్లనే పోయినయి చెల్లె, జాతరల. మల్ల రాలే."

ఇద్దరూ చాలాసేపు నవ్వారు. సాయంత్రం హన్మమ్మ వెళ్తుంటే షమ్సున్నీసా గుదడిని మడతపెట్టి ఆమె చంకలో పెట్టింది. ఎందుకిచ్చిందని తర్వాత ఎందరో అడిగారు. దాన్ని కప్పుకుని వెచ్చబడ్డ మనిషి దగ్గరే అది ఉండాలని అనుకుంది, అంతే. ఇచ్చాక బండిలో కూర్చుంటే మూడు నెలలూ ఒక్కసారిగా గుర్తొచ్చి కొంచెం కష్టంగా అనిపించింది. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

సింధుజ రెండు వారాలు ముభావంగా ఉంది. మూడో వారం తనే తాండూరు వచ్చింది.

"ఆపా, అదే ఇంకోటి కుట్టి ఇస్తవా? ఆ మేడం అడుగుతుంది."

"అదే ఎట్ల వస్తది బిడ్డ? ఇంకోటి చెప్పు, కుడత."

సింధుజ ఆలోచించి, "బరువున్నయి దూదిలెక్క అల్కగైతే?" అంది. వినపడదేమోనని అజమత్ వైపు తిరిగి గట్టిగా మళ్ళీ చెప్పింది. అతను మంచం మీద నుంచే ఒక్కమాట అన్నాడు.

"బండలు."

అలా మొదలైంది రెండోది. తాండూరు మీద ఆకాశంలో బండలు గాలిపటాల్లా ఎగరాలి. షమ్సున్నీసా నీలం, పసుపు పేలికలు తీసి పెట్టింది. అజమత్ లేచి వచ్చి, ఒక్కొక్కటే వెలుగులో చూసి పక్కకు పడేశాడు.

"గిది నీలి బండ గాదు. నీలి బండ గింత నీలం ఉండదు. తడిస్తెనే నీలం."

"అయితే తడిసినయి కుట్టాల్నా, ఎండినయి కుట్టాల్నా?"

అతను చెంబుతో నీళ్ళు తెచ్చి గచ్చు మీద చల్లాడు. ఆ ఇంటి గచ్చు కూడా తాండూరు బండలదే. ఇద్దరూ వంగి చూశారు. బూడిదరంగు బండ మెల్లగా నీలమైంది, ఆరుతుంటే అంచుల నుంచి మళ్ళీ బూడిదగా మారింది. ఆ రంగుల కోసం ముబష్షిరా దుకాణంలో బడిపిల్లల యూనిఫాం ముక్కలు, పాత లుంగీలు, ఒక ఛత్రి గుడ్డ వెతికారు. అజమత్ రోజూ మధ్యాహ్నం పేలికలను ఏరి కుప్పలు పెట్టేవాడు. బండలను చదరంగా గీయడానికి సుద్దముక్కా పట్టుకున్నాడు. షమ్సున్నీసా వంకరగా కుడితే, "గిట్లుంటే సేటు వాపస్ పంపుతడు" అని గొణిగేవాడు. వాళ్ళ వాదులాట విని పక్కింటివాళ్ళు కొట్లాట అనుకున్నారు.

బండలకు దారాలు కుట్టాక అతను అడిగాడు, "దారం ఎవరి చేతుల ఉంది?"

"చేతులు గనవడయి. కింద అంచు దాటి పోయింది."

అజమత్ ఒక దారాన్ని వేలితో పైదాకా తడిమాడు. "అయితే దారం తీసెయ్. పోనీ పైకి" అన్నాడు.

ఆమె దారాలన్నీ విప్పింది. బండలు ఏ ఆధారమూ లేకుండా ఆకాశంలో నిలిచాయి.

హైదరాబాద్ ప్రదర్శనకు ముబష్షిరాతో కలిసి ముగ్గురూ రైల్లో వెళ్ళారు. పెద్ద హాలు, తెల్లటి గోడలు. తన చేతిపని అంత ఎత్తున వేలాడుతుంటే షమ్సున్నీసాకు అది ఎవరిదోలా అనిపించింది. ఒక కుర్చీ చూసుకుని కూర్చుంది. అజమత్ మాత్రం గుదడి పక్కనే నిలబడ్డాడు. వచ్చినవాళ్ళు ఏం అడుగుతున్నారో అతనికి వినపడలేదు. అడిగినా అడగకపోయినా, నీలి బండ ఏ లోతులో దొరుకుతుందో, పసుపు బండ ఎందుకు తొందరగా విరుగుతుందో, బండ ఎత్తేటప్పుడు ఊపిరి ఎక్కడ బిగబట్టాలో గట్టిగా చెప్పసాగాడు. హాలంతా వినపడింది. ముబష్షిరా ఆపబోతే జనమే వద్దన్నారు. గంటకు పైగా అలా చెప్పి, అలిసిపోయి, వచ్చి భార్య పక్కన కూర్చుని చాయ్ అడిగాడు.

ఆ గుదడిని ఎవరో కొనుక్కున్నారు.

"కప్పుకుంటరా?" అని సింధుజను అడిగింది షమ్సున్నీసా.

"లేదాపా, గోడకు వెడతరు."

"ఏమో, ఇంటికొచ్చిన చుట్టాలకు చలి వెడితే తీస్తరేమో" అంది.

మరుసటి ఏడాది వానాకాలంలో అజమత్ పోయాడు. పోవడానికి ముందు వారం ఆసుపత్రిలో ఉన్నాడు. భర్త పోయిన ఆడవాళ్ళు పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ షమ్సున్నీసా ఇంట్లోనే గడిపింది. ఆ రోజుల్లో సూది పట్టలేదు. ముబష్షిరా తండ్రి చొక్కాలన్నీ తెచ్చి, "అమ్మీ, వీటితోని అబ్బా గుర్తుకు ఒకటి కుట్టు" అంది. షమ్సున్నీసా చొక్కాలను మడతపెట్టుకుంటూ కూర్చుంది. చిరిగినవి రెండే, మిగతావి బాగున్నాయి.

"చొక్కాలు తొడుక్కునేటోల్లకు ఇయ్యాలె బిడ్డ. చిరిగినయి గుదడికి" అని, మంచివి మూట కట్టి ఫ్యాక్టరీలో అతనితో పనిచేసినవాళ్ళకు పంపింది. చిరిగిన రెండూ పేలికల సంచిలో పడ్డాయి. ఎందులో ఏ ముక్క వాడిందో ఆమె లెక్క పెట్టుకోలేదు.

ఇద్దత్ అయ్యాక గురువారం ప్యాసింజర్ మళ్ళీ ఎక్కింది. ఇప్పుడు వికారాబాద్‌లో కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది ఆమే. సింధుజ ఊళ్ళు తిరుగుతూ మనుషుల్ని పోగుచేస్తోంది. మొదటిరోజు తొమ్మిది మంది కూర్చున్నారు. ఏం కుట్టాలో చెప్పమని ఆమె వైపు చూశారు. షమ్సున్నీసా కిటికీలోంచి బయటికి చూసింది. అనంతగిరి వైపు మబ్బు పట్టింది, ఇటు ఎండ కాస్తోంది.

"వాన తొవ్వ తప్పితే ఎవరింటికి పోతది? అది కుట్టుండ్రి" అంది.

"వాన ఎవరింటికి పోతదమ్మా?" అంది వెనక నుంచి నవనీత అనే కొత్త పిల్ల.

"నాకెర్కలేదు. నువ్వే చెప్పాలె" అని షమ్సున్నీసా సంచి బోర్లించి, పేలికలన్నీ నేల మీద పోసింది.