ఆర్పని కర్పూరం

ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే చాలు, పళ్ళిపట్టు దారిలోని మా పెంకుల బడికి సున్నం కొట్టేవాళ్ళు. డెబ్భైల నడుమ సంగతి. సున్నం కొట్టడానికి కూలివాళ్ళెందుకు, ఇంతమంది పిల్లలుండగా! నేను నాలుగో తరగతి. మాకు పాఠాలు చెప్పే వాద్యారు డ్రమ్ములో సున్నపురాళ్ళు వేయించి, నన్ను పిలిచి, నీళ్ళు పొయ్యమన్నాడు. పోశాను. అది బుసబుసమని పొంగింది. ఎట్లా పొంగుతుందో చూద్దామని వంగాను. ఆ వయసులో ఎవరైనా వంగుతారు. నా ఎడమకన్ను అక్కడే పోయింది.

మద్రాసు పెద్దాసుపత్రిలో కట్టు విప్పిన రోజు డాక్టరు నాయనతో అరవంలో ఏదో చెప్పాడు. నాకు అర్థం కాదనుకున్నాడు కాబోలు. బళ్ళో చదివేదే అరవం నేను. ఆ కంటికి ఇక చూపు రాదన్నమాట నాయనతోపాటు నేనూ విన్నాను.

మేము ఇల్లు చేరేసరికి బడిలో కథ మారిపోయింది. ఎవరినీ సున్నం దగ్గరికి పొమ్మనలేదని, ఆ పిల్లే ఆటకు పోయి మీద పోసుకుందని వాద్యారు చెప్పాడు. తోటి పిల్లలు నోళ్ళు కుట్టుకున్నారు. వాళ్ళ నాయనలు కౌలుకు చేసుకునేది బడి కట్టించిన పెద్దాయన భూములే. పాపం, వాళ్ళు మాత్రం ఏం చేస్తారు అనేది మా అమ్మ. పాపం లేదు, గీపం లేదు. వాళ్ళమీద నాకు ఇప్పటికీ కోపమే.

మామ, అంటే అమ్మ తమ్ముడు, ఊరుకునే రకం కాదు. నాయనను బస్సెక్కించి తిరువళ్ళూరులో ఒక వకీలు దగ్గరికి తీసుకుపోయాడు. నష్టఈడు, అంటే పరిహారం, అడగవచ్చు గానీ చూసినవాళ్ళు సాక్ష్యం చెప్పాలన్నాడట వకీలు. చెప్పేదెవరు? నాయనకు కేసంటేనే మనసొప్పలేదు. బిడ్డ కంటికి వెల కట్టించుకుంటామా అనేవాడు. మనం పోయినాక దీనికి కూడు పెట్టేదెవరని అమ్మ ఏడ్చేది. రోజూ ఇదే గొడవ. నాకు డబ్బు గురించి ఏం తెలుసు? వాద్యారే పొయ్యమన్నాడని ఊరంతా ఒప్పుకోవాలి, అంతే నాకు కావలసింది.

ఈలోగా పెద్దాయన కబురు పంపాడు. కోర్టులెందుకు, పిల్లను తిరుత్తణి కొండకు తీసుకురండి అన్నాడు. వాద్యారు చెప్తేనే పోశానని స్వామి ఎదుట సత్యం చేసి, మండే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పితే అడిగినంత ఇస్తానన్నాడు. మావైపు సత్యమంటే అదే. అబద్ధానికి ఆర్పినవాళ్ళకు కళ్ళు పోతాయంటారు. నాకైతే పట్టరాని సంతోషం. చెప్పేది నిజమే కదా, ఇక భయమేమిటి?

నాయన సరేనన్నాడు. నెలనెలా కృత్తిక నక్షత్రం నాడు కొండెక్కే మనిషి. ఆడినెల కృత్తికకు కావడి ఎత్తేవాడు. స్వామికి దండం పెట్టనిదే పొలంలో మడక కట్టేవాడు కాదు.

కొండమీద రాతిపలక పైన కర్పూరం వెలిగించారు. చుట్టూ ఊరిజనం, ఎదురుగా పెద్దాయన, ఆయన వెనక తల వంచుకుని వాద్యారు. చెప్పవలసిన మాట నేను గట్టిగా చెప్పాను. చెయ్యి చాపాను. అరచేతికి వేడి తగిలింది. అంతలో నాయన నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగేశాడు.

"వద్దయ్యా. మాకేం వద్దు," అని పెద్దాయనతో అని, నన్ను భుజానికెత్తుకుని మెట్లు దిగిపోయాడు.

ఇంకేముంది? పిల్లది అబద్ధం కాబట్టే తండ్రి భయపడ్డాడని ఊరు తేల్చేసింది. మామ మా గడప తొక్కడం మానేశాడు. బడిలో నాకు అబద్ధాలపిల్ల అని పేరు పడింది. ఊరు నమ్మకపోతే పోనీ, నాయన కూడా నమ్మలేదే! అది తలుచుకుంటే కడుపు మండిపోయేది. అడిగినదానికి జవాబు చెప్పడం తప్ప ఆయనతో మాట్లాడటం మానేశాను. ఆయన మాత్రం ఎక్కడికి తీసుకుపోయినా, చూపులేని నా ఎడమవైపే నడిచేవాడు.

ఏళ్ళు గడిచాయి. నన్ను చూసుకోవడానికి ఆరణి నుంచి ఒక సంబంధంవాళ్ళు వచ్చి వెళ్ళారు. ఒంటికన్నయినా సరేగానీ, దేవుడి ముందర అబద్ధం ఆడబోయిన పిల్ల వద్దని కబురు చేశారు. ఆ రోజు ఇక ఆగలేకపోయాను. నాయన వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. ఎదురుగా పోయి నిలబడ్డాను.

"నేను నిజమే చెప్తాండానని తెలిసుంటే, ఆ పొద్దు నా చెయ్యి యాల లాగినావు నాయనా? నామీద నమ్మకం లేకనే గదా?"

ఆయన చేతిలోని కాయ కింద పెట్టాడు.

"నిన్ను నమ్మినానమ్మా," అన్నాడు. "ఆ కొండమీది ఆయన్నే నమ్మలేకపోయినాను. ఏ తప్పూ చేయని బిడ్డకు ఒక కన్ను తీసుకున్నాడే, నిజం చెప్పిందని రెండోది మిగిలిస్తాడని ఏం నమ్మకం?"

ఆ సత్యం రోజు తర్వాత నాయన మళ్ళీ కొండెక్కలేదు. మోకాళ్ళ నొప్పులనేవాడు. జనానికి ముఖం చూపలేక పోవడం లేదనుకున్నాం మేమంతా. కావడి అటక మీదే ఉండిపోయింది. ఆ మాట నాతో అప్పుడే ఎందుకు చెప్పలేదో! ఎట్లా చెప్తాడు, పొద్దున లేస్తే స్వామికి దండం పెట్టుకునే ఇంట్లో?

పక్కన కూర్చుని నేనూ కాయలు ఒలవసాగాను. కాసేపటికి ఆయన లేచి, అలవాటు చొప్పున నా ఎడమవైపుకు వచ్చి కూర్చున్నాడు. అందుకే ఆయన ఏడుస్తుంటే నాకు కనబడలేదు, వినబడింది.