ఆదివారం కుట్టుమిషన్ చప్పుడు

బోధన్‌లో మా వాడ మొత్తానికి అక్క అయిన మనిషి పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. ఆమె అన్న కొడుకు ఫోన్ చేసి, "అత్త ఇగ లేదన్నా" అన్నాడు. ఆ ఫోన్ వచ్చేసరికి నేను నిజామాబాద్‌లో నా గదిలో కూర్చుని, ఆమె చెప్పనంటే చెప్పనన్న ఒక సంగతి కోసం ఆమెకే ఇంకోసారి ఫోన్ చేద్దామా వద్దా అని ఆలోచిస్తున్నాను. అంతకు వారం ముందే ఆమె మీద గొంతు పెంచి వచ్చాను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మనం ఉన్నట్టుండి చాలా మంచివాళ్లం అయిపోతాం కదా.

అక్క చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. ఇంటి ముందరి గదిలో రెండు టీవీలు పెట్టి వీడియో గేమ్ షాపు తెరిచింది. చర్చికి పోయే మనిషికి ఇదేం పని అని ముక్కున వేలేసుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల పిల్లలే అందరికన్నా ముందు వచ్చి కూర్చునేవాళ్లు. చెరుకు బండ్లు రోడ్డెక్కే కాలంలో మేం వెనక నుంచి గడలు లాగి, నమిలి, అవే చేతులతో షాపులోకి దూరేవాళ్లం. గుమ్మం దగ్గర బకెట్, సబ్బుముక్క ఉండేవి. "చెరుకు చేతులు కడుక్కోని రాండ్రి. బటన్లు అతుక్కుంటె మీ తాత వచ్చి తీస్తడా?" అనేది. అతుక్కుంటే తీసేది మాత్రం ఆమే. స్క్రూడ్రైవర్‌తో రిమోట్ విప్పి, లోపలి రబ్బరు ముక్కను తుడిచి, మళ్లీ బిగించేది.

ఓడిపోయి ఏడుపు మొహం పెట్టినవాడికి గ్లాసుతో మంచినీళ్లు ఇచ్చేది. "ఓడినోనికి ముందుగాల నీళ్లియ్యాలె, నీతులు తర్వాత" అనేది. ఆ షాపులో అందరికన్నా ఎక్కువ నీళ్లు తాగింది నేనే.

పెద్దయ్యాక నా చదువు కూడా అక్కడికే చేరింది. నేను వీడియో గేముల మీద పరిశోధన చేస్తున్నాను. ఈ పని పేరు చెప్పి మా బాపును నమ్మించడానికి రెండేళ్లు పట్టింది. గేముల మీద సదస్సులు జరుగుతాయంటే ఇప్పటికీ నవ్వేవాళ్లున్నారు. జరుగుతాయి. మెడలో కార్డులు వేసుకున్న పెద్దమనుషులు, చచ్చి మళ్లీ లేచే బొమ్మ గురించి గంటసేపు వాదించుకుని, భోజనాల దగ్గర ఒకే బల్ల మీద పప్పన్నం తింటారు. నిరుడు నిజామాబాద్‌లోనే అలాంటి సదస్సు ఒకటి జరిగింది. అక్క షాపు మీద పత్రం రాశాను. అందులో అసలు మాట ఒకటే: మా చెరుకు పట్టణంలో ఆడపిల్లలు వీడియో గేములు ఆడలేదు, ఆ షాపు పూర్తిగా మగపిల్లల లోకం.

అక్కను అతిథిగా తీసుకుపోయాను. చర్చికి కట్టుకునే తెల్ల చీరలో ముందు వరసలో కూర్చుంది. నేను చదవడం అయ్యాక, సెషన్‌కు అధ్యక్షత వహించిన ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి, "మీరు ఆ షాపులో ఆడిన పిల్లవాడే కదా. మీరు చూడలేదు కాబట్టి వాళ్లు రాలేదంటారా?" అని అడిగాడు. నేను ఏదో గొణిగాను. ఆయన నన్ను వదిలేసి అక్క వైపు తిరిగాడు.

"అమ్మా, మీరే చెప్పండి. మీ షాపుకు అమ్మాయిలు వచ్చేవారా?"

మైకు ఆమె చేతికి వచ్చింది. హాలంతా ఆమెనే చూస్తోంది. ఆమె నా వైపు చూడలేదు. మైకును రెండు చేతులతో పట్టుకుంది. ఇంతకాలం రాసిందంతా ఒక్క మాటతో కూలిపోతుందేమో అనిపించింది.

"రాలె సార్. ఎవ్వలు రాలె" అంది.

చప్పట్లు కొట్టారు. సదస్సు పుస్తకంలో వేయడానికి నా పత్రం తీసుకున్నారు.

తిరుగు బస్సు ఎడపల్లి దాటింది. అక్క కిటికీ వైపు చూస్తూనే అడిగింది.

"ఆదివారం షాపు బందుంటుండె గద తమ్మీ?"

"అవునక్కా. నువ్వు చర్చికి పోతుంటివి."

"చర్చి పొద్దుగాల్నే అయిపోతుండె. పగటాల్ల నేనేం చేస్తుంటినో ఎన్నడన్న అడిగినవా?"

ఆదివారం మధ్యాహ్నాలు తలుపు వేసి, పరదా దించి ఉండేది. లోపల కుట్టుమిషన్ చప్పుడు. ఆడపిల్లలు వెనక గుమ్మం నుంచి పోయేవాళ్లు, కుట్టు నేర్చుకోవడానికి. ఆ చప్పుడు నేను వందసార్లు విన్నాను. ఆదివారాలు ఆమె కుట్టుపని చేసేదని పత్రంలో కింద చిన్నక్షరాల్లో రాశాను కూడా.

"మిషన్‌ల దారమే లేకుండె. వాళ్లు టీవీ సప్పుడు బంద్ చేసుకోని ఆడుతుంటె, బయటోళ్లకు ఇనరావాలని నేను ఉత్తగ తొక్కుతుంటి. నా మోకాళ్లు గందుకే పోయినయి."

"మరి ఆ సార్ అడిగితె లేదన్నవేందక్కా?"

"మాటిచ్చిన వాళ్లకు. ఇంట్ల తెలిస్తె తంతరని భయపడ్డ పిల్లలు. ఇయ్యాల అత్తగారిండ్లల్ల ఉన్నరు. వాళ్ల ముచ్చట మైకుల చెప్పనీకి నేనెవ్వలిని?"

అబద్ధం ఆమెది, తప్పు నాది. పుస్తకం వాళ్లు ఆఖరి ప్రతి పంపమని ఉత్తరాల మీద ఉత్తరాలు పెట్టారు. తప్పని తెలిసి అచ్చు వేయించలేను. దిద్దాలంటే ఆడిన మనిషి ఒక్కరైనా నోరు విప్పాలి. వెనక్కి తీసుకుంటే నా డిగ్రీ ఇంకో ఏడాది ఆగుతుంది. రెండుసార్లు గడువు పెంచమని బతిమాలాను, మూడోసారి కుదరదన్నారు. అప్పటికే అక్క గుండె జబ్బుతో మంచం పట్టింది, కాళ్లు వాచాయి. నేను మాత్రం పండ్లు పట్టుకుపోయి, బాగున్నావా అన్న వెంటనే పేర్లు అడిగేవాణ్ని.

"ఒక్క పేరక్కా. ఒక్కటే."

"నా పేరైతె ఇద్దును తమ్మీ. నువ్వడిగేది నాది కాదు."

"నా నాలుగేండ్ల చదువు ఆగమైతది!" అని అరిచాను. పక్కింటివాళ్లు తొంగిచూశారు.

ఆమెకు కోపం రాలేదు. "ఆగితె ఆగనీ. తప్పు రాసుడు కన్న ఊకునుడు మంచిది" అని, దిండు పక్కనున్న తన చెంబు నా వైపు జరిపింది. "నీళ్లు తాగు."

తాగలేదు. చెప్పులు వేసుకుని వచ్చేశాను. అదే ఆఖరి చూపు. ఆ చెంబు అందుకుని ఉంటే ఏం పోయేది నాది? సిగ్గుగా ఉంది.

బుధవారం మధ్యాహ్నం సమాధి చేశారు. పుస్తకం గడువు కూడా ఆ సాయంత్రమే. పత్రం వెనక్కి తీసుకుంటున్నానని ఉత్తరం రాసి ఫోన్‌లో పెట్టుకున్నాను, పంపలేదు. పాస్టర్ ప్రార్థన అయింది, తలా పిడికెడు మట్టి వేశాం, మగవాళ్లు గేటు వైపు నడిచారు. నలుగురు ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. అందులో ఒకరు మా చెల్లె. రెంజల్‌లో అత్తగారింట్లో ఉంటుంది, ఆమె పిల్లలిద్దరూ బడికి పోతున్నారు. మా అమ్మకు తోడుగా వచ్చిందనుకున్నాను.

"అన్నా, అక్కను పేర్లడిగినవట గద. నీ కాగితం పంపినవా?" అంది.

"లేదు. వాపస్ తీసుకుంటున్న."

"తీసుకోకు, దిద్ది పంపు. నేను ఆడిన. మూడేండ్లు ఆడిన." తల దించలేదు. "కుట్టు నేర్చుకుంటున్నా అని అమ్మకు చెప్పి పోతుంటి. నాకు ఇయ్యాల్టికీ గుండీ కుట్టరాదు."

పక్కనున్న ముగ్గురిలో ఒకామె ఏడుస్తూనే ఫక్కున నవ్వింది.

"నాతోని ఒక్కసారన్న చెప్పకపోతివి?" అన్నాను.

"నీతోనా? ఒకనాడు నేను షాపు గడప తొక్కితె, ఉరికి పోయి బాపుకు చెప్పింది నువ్వే గద. బాపు బెల్టు తీసిండు. ఎనక దర్వాజ సంగతి అక్క గా తర్వాత చెప్పింది."

నాకు ఆ రోజు గుర్తే లేదు. ఎంత వెతికినా గుర్తు రాలేదు. పరిశోధకుణ్ని కదా, అందరి జ్ఞాపకాలూ రాసుకున్నాను. చేతులు జోడించబోతే చెల్లె ఆపింది. సమాధి మట్టి ఇంకా తడిగా ఉంది.

"పేరు రాస్కుంట" అని ఫోన్ తీశాను.

"నువ్వొద్దు, తప్పు రాస్తవ్" అని చెల్లె ఫోన్ లాక్కుంది. తన పేరు, ఇంటిపేరు, రెంజల్ అని కొట్టి, నాకివ్వకుండా పక్కనామెకు ఇచ్చింది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని రెండు చేతులతో ఫోన్ పట్టుకుంది. మిగతా ఇద్దరూ ఆమె భుజాల మీద నుంచి తెరలోకి వంగారు. నేను వాళ్ల వెనక నిలబడ్డాను. బొటనవేళ్లు టకటకా కదులుతున్నాయి.