ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు

నిన్న సాయంత్రం మా చిన్నాడు హోంవర్క్ పుస్తకం తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టాడు. ‘కన్‌ఫ్రంట్’ అనే మాటతో వాక్యాలు రాయాలట. ఎదురు నిలబడడం, మొహం మీదే అడిగెయ్యడం అని అర్థం చెప్పి, ఉదాహరణ కోసం వెతుక్కుంటుంటే విమానాశ్రయం పక్కన స్వోర్డ్స్ అనే ఊళ్లో మేమున్న పాత ఇల్లు కళ్లముందు నిలిచింది. ఇదే మాటతో వీడి అక్క వాక్యాలు రాసింది ఆ ఇంట్లోనే. వీడికప్పుడు మూడేళ్లు. ఇప్పుడు ఇద్దరూ నిద్రపోయారు, మా ఆయన షిఫ్ట్‌కి వెళ్లారు. నేను మాత్రం ఆ ఇంటి గదుల్లో మనసులోనే తిరుగుతూ కూర్చున్నాను.

నా మనసు కీడు శంకించిన క్షణం బాగా గుర్తుంది. మధ్యాహ్నం గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి చూస్తే మా ఇంటి ఓనరు, పక్కన సూటు వేసుకున్న ఇంకొకాయన, గేటు దగ్గర నిలబడి ఇంటికి ఫోటోలు తీస్తున్నారు. నేను చెయ్యి ఊపాను. వీధి చివర నుంచే కేకేసి పలకరించే ఆ పెద్దాయన చూసి కూడా చూడనట్టు చూరు వైపు తలెత్తాడు. నా చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి.

అది మాంద్యం కాలం. ప్రతి వీధిలో అమ్మకానికి పెట్టిన బోర్డులు, సగం కట్టి వదిలేసిన గోడలు. ఇళ్లు కట్టించడమే ఓనరు వృత్తి. పని లేక రెండేళ్లయింది. మా ఆయన పనిచేసే మందుల ప్లాంట్‌లో కూడా వారానికొకరు సెలవు తీసుకున్నట్టే మాయమయ్యేవారు. అయితే నా భయం వేరు. మా పెద్దది అప్పటికే రెండు బళ్లు మారింది. రెండోసారి మారినప్పుడు కొన్ని నెలలపాటు ఇంట్లో కూడా సరిగ్గా మాట్లాడలేదు. ఈ ఇంటికొచ్చాకే పెరటి కంచె అవతలి పిల్లతో స్నేహం కుదిరి, పలకల మధ్య సందులోంచి ఇద్దరూ చీకటిపడేదాకా కబుర్లు చెప్పుకునేవారు. బడి మధ్యలో ఇల్లు మారితే మా పెద్దది మళ్లీ మూగబోతుందేమోనని నాకు బెంగ.

రెండు రోజులకు ఓనరు ఫోన్ చేశాడు. ఇల్లు అమ్మేస్తున్నాను, శనివారం కొందరు చూడడానికి వస్తారు, ఇబ్బంది లేదు కదా అన్నాడు. లేదండీ అన్నాను. అనడమే కాదు, శుక్రవారమంతా ఇల్లు తుడిచాను. దొడ్డిగుమ్మం అద్దాలు నిమ్మరసం పెట్టి తోమాను. శనివారం వాన. వానలో తడిసి గుమ్మంలోకొచ్చిన మనిషిని ఊరికే పంపితే మా అమ్మ నన్ను క్షమించదు కాబట్టి ఉల్లిపాయ పకోడీలు వేశాను, ఫిల్టర్ కాఫీ ఇచ్చాను. వచ్చిన జంటలో ఆమె కడుపుతో ఉంది. మెట్లెక్కి ఆయాసపడుతుంటే కుర్చీ వేశాను. అక్కడితో ఆగానా? “మధ్యాహ్నం ఈ చిన్న గదిలో బాగా ఎండ పడుతుంది, పాపాయికి మంచిది” అని కూడా చెప్పాను. ఆమె గోడ మీద చెయ్యి ఆనించి, ఆ చెయ్యి తియ్యకుండా మొగుడి వైపు చూసింది.

సాయంత్రం మా ఆయనకి చెబితే బూట్లు విప్పుతూ ఆగిపోయారు.

“పకోడీలు పెట్టావా?”

“వాన పడుతోంది కదండీ.”

“నయం, తాంబూలమిచ్చి పంపలేదు! మన ఇంటికి మనమే పెళ్లిచూపులు చేశాం కదే.”

నవ్వాను. ఆయనా నవ్వారు. లీజు జూన్ ఆఖరు దాకా ఉందని ఓనరుకి చెప్పమన్నాను. “కొత్త ఇల్లు కావాలంటే ఈయనే మన గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వాలి. నేనెట్లా ఎదురు చెప్పేది?” అన్నారు. నాకూ అదే భయం.

ఆ వారమే మా పెద్దది తన వాక్యాలు చదివి వినిపించింది. రాజు, శత్రువు, దొంగ, పోలీసు అయ్యాక, చివరిది: “మై మదర్ డజ్ నాట్ కన్‌ఫ్రంట్ పీపుల్. షి గివ్స్ దెమ్ పకోడీ.”

“అదేంటే, చెరిపెయ్. టీచరేమనుకుంటుంది?”

“బట్ ఇట్స్ ట్రూ, మమ్మీ,” అంది అచ్చం ఇక్కడి పిల్లల యాసలో. పుస్తకం మూశాక, ఎప్పుడో గాని నోటికి రాని తెలుగులో నెమ్మదిగా అడిగింది: “మనం వెళ్లిపోతామా అమ్మా?”

దాని పుస్తకం తీసి సంచిలో పెట్టాను.

మరుసటి రోజు సాయంత్రం ఓనరు మళ్లీ వచ్చాడు. జోరు వాన. ఆ జంటకి ఇల్లు నచ్చిందనీ, ఏప్రిల్‌లో వచ్చే ఈస్టర్‌లోపే దిగాలనుకుంటున్నారనీ చెప్పాడు. ఆయన టోపీ మీంచి నీళ్లు కారుతున్నాయి. లోపలికి రండి అనే మాట నాలిక చివరి దాకా వచ్చింది. లోపలికొచ్చి కూర్చుంటే ఇక చెప్పలేనని నాకు తెలుసు. తలుపుకి అడ్డంగా నిలబడి, “లీజు జూన్ దాకా ఉంది. పిల్ల బడి అయ్యేదాకా మేం వెళ్లం,” అన్నాను. ఆ గొంతు నాది కాదనిపించింది. ఇంటి మీంచి విమానం ఒకటి కిందుగా వెళ్లింది. అది వెళ్లేదాకా ఇద్దరం అలాగే నిలబడ్డాం.

“నువ్వెప్పుడూ ఒక్క మాటనలేదే!” అన్నాడాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ. “వాళ్లకి అన్ని మర్యాదలు చేస్తే, మీకు వేరే ఇల్లు దొరికిందనుకున్నా. ఎండ పడే గది కూడా చూపించావట కదా.”

“జూన్ దాకా వాళ్లు ఆగకపోతే?” అని అడిగాను.

“ఆగకపోతే ఆ తిప్పలు నేను పడతా. నువ్వు గ్రాండ్.” ఇక్కడి వాడుకలో, నీకేం ఫరవాలేదని. తర్వాత ఆకాశం వైపు చూసి అన్నాడు: “ఇప్పుడు లోపలికి రావచ్చా, తల్లీ?”

ముందు మాట, తర్వాత కాఫీ. నా జీవితంలో ఆ వరస అదే మొదలు.

వాళ్లు ఆగారు. ఇప్పటికీ ఆ వీధి మీదుగా బస్సులో వెళ్లినప్పుడు పైనున్న చిన్న గది కిటికీ వైపు చూస్తాను. పరదా మారింది. లోపల ఎండ పడే వేళ నాకు తెలుసు కనక, దిగి తలుపు తట్టాలనిపిస్తుంది. దిగను.

ఓనరు వచ్చి వెళ్లిన మర్నాడు పొద్దున, పాలు పోస్తూ పిల్లలిద్దరికీ చెప్పాను: “జూన్ దాకా ఇది మనిల్లే. ఆ తర్వాత ఇంకో ఇల్లు చూసుకుందాం.” పెద్దది పరుగున పెరట్లోకి, కంచె దగ్గరికి పోయింది. చిన్నాడు స్పూను గాల్లో పట్టుకుని, జూన్ ఎంత దూరం అని అడిగాడు. “చాలా దూరం నాన్నా,” అన్నాను. ఆ పొద్దుటికి అది నిజమే. ఆ తర్వాత ఏ జూనూ నాకంత దూరంలో లేదు.